రంగు గుడ్ల కోళ్లు: జుట్టును చూసి పిల్లను ఎంచుకోవచ్చా?

నీలి గుడ్లు పెట్టే జాతి అని చెప్పి అమ్మిన నాలుగు పిల్లలను కొని తెచ్చి, పెరట్లో ఉన్న నాటు పెట్టలతో కలిపి, కొన్నాళ్లకు తెలుపు, గోధుమ, నీలం, పచ్చ రంగుల గుడ్లన్నీ ఒకే బుట్టలో చూసుకోవాలని ఆశపడే పెంపకందారులు విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఉన్నారు. వారికి అందే సలహాల్లో అధికభాగం అమెరికా, ఇంగ్లండు పెంపకందారుల అనుభవం నుంచి వచ్చినదే. అందులో తరచుగా వినిపించేది, తల మీద బఠాణీ జుట్టు, అంటే పొట్టిగా తలకు అంటుకుని ఉండే ఎర్రని కండ ఉన్న పిల్లలను ఉంచుకుని, రంపపు పళ్లలాంటి ఒంటి జుట్టు ఉన్నవాటిని తీసివేయమనే సలహా. అక్కడి కోళ్ల విషయంలో అది చాలావరకు నిజమే. మన కృష్ణా, గుంటూరు ప్రాంతపు పెరళ్లలో మాత్రం ఆ సలహా ఒక్కోసారి ఎందుకూ కొరగాదు, ఒక్కోసారి నీలి జన్యువు ఉన్న పిల్లలనే ఏరి కూరకు పంపేలా చేస్తుంది. దీనికంతటికీ మూలం మన పందెం కోడి, అసీల్. చిక్కు ఎక్కడుందో తెలియాలంటే ముందుగా పెంకుకు రంగు ఎలా పడుతుందో, ఆ రంగు ఎవరి నుంచి ఎవరికి సంక్రమిస్తుందో చూడాలి.

అండాశయం నుంచి సొన విడుదలైన తరువాత గుడ్డు బయటికి రావడానికి సుమారు 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు గుడ్డు పెంకు గ్రంథిలోనే ఉంటుంది. అక్కడ తయారయ్యే పెంకు కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పదార్థమే కనుక దాని సహజమైన రంగు తెలుపు. ఆ తెలుపు మీద కోడి శరీరం రెండు రకాల రంగు పదార్థాలను మాత్రమే వాడుతుంది. గోధుమ రంగునిచ్చేది ప్రోటోపార్ఫిరిన్, నీలం రంగునిచ్చేది బిలివెర్డిన్. రెండూ రక్తంలోని హీమ్ అనే పదార్థంతో సంబంధం ఉన్నవే. మొదటిది హీమ్ తయారయ్యే దారిలో దానికి ముందు మెట్టు, రెండవది హీమ్ విరిగినప్పుడు మిగిలేది. మనకు దెబ్బ తగిలిన చోట చర్మం కొన్ని రోజులకు పచ్చబారడానికి కారణమూ ఈ బిలివెర్డినే.

ఈ రెండు రంగులూ పెంకులోకి చేరే తీరులో తేడా ఉంది. బిలివెర్డిన్ పెంకు తయారవుతున్నంతసేపూ అందులో కలుస్తూ పోతుంది కనుక నీలి గుడ్డు పెంకు బయటా లోపలా నీలంగానే ఉంటుంది. ప్రోటోపార్ఫిరిన్‌లో ఎక్కువ భాగం చివరి కొద్ది గంటల్లో పైపొర మీద చేరుతుంది. గోడకు ఆఖరున కొట్టిన రంగుకూ, అడుసులోనే కలిపిన రంగుకూ ఉన్న భేదం వంటిదే ఇది. గోధుమ గుడ్డును పగలగొట్టి లోపలి పలుచని పొర ఒలిచి చూస్తే పెంకు లోపలి ముఖం తెల్లగా ఉంటుంది. పచ్చ గుడ్డును అలాగే చూస్తే లోపల లేత నీలం కనిపిస్తుంది, ఎందుకంటే కోడిగుడ్డులో పచ్చ అనే వేరే రంగు పదార్థమేదీ లేదు. నీలి పెంకు మీద గోధుమ పూత పడితే మన కంటికి పచ్చగా కనిపిస్తుంది. పూత పలుచనైతే లేత పచ్చ, చిక్కనైతే ముదురు ఆలివ్ రంగు. ఈ లోపలి ముఖం పరీక్షకు ఖర్చు లేదు, పనిముట్లు అక్కర్లేదు. పిల్లలు అమ్మేవారిని అడగవలసిన మొదటి వస్తువు, తల్లి కోడి పెట్టిన గుడ్డు పెంకు ముక్క. పై రంగు ఎంత సందేహాస్పదంగా ఉన్నా లోపలి ముఖం నీలంగా ఉంటే ఆ పెట్టలో నీలి జన్యువు ఉన్నట్టే.

బజారు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నాటు గుడ్డు అంటే గోధుమ రంగులో ఉండాలనే నమ్మకం మనలో బలంగా ఉంది, ఆ నమ్మకం మీదనే ఎక్కువ ధర నడుస్తోంది. నిజానికి మన నాటు పెట్టల గుడ్లు చాలావరకు మీగడ రంగులోనో, లేత గోధుమ రంగులోనో ఉంటాయి. ముదురు గోధుమ గుడ్లు ఏకరీతిగా కనిపిస్తున్నాయంటే, అవి గోధుమ గుడ్ల కోసమే తీర్చిన ఫారం కోళ్లవి అయ్యే అవకాశం ఎక్కువ. తెల్ల గుడ్లను టీ డికాక్షన్‌లో ముంచి అమ్మే మోసం కూడా లేకపోలేదు. పెంకు రంగుతో లోపలి పోషకాలకు సంబంధం లేదు. పచ్చసొన రంగు మేతను బట్టి, అంటే మొక్కజొన్న, తోటకూర, మునగాకు వంటివి ఎంత తిన్నదన్న దాన్ని బట్టి మారుతుందే తప్ప పెంకును బట్టి మారదు. నీలి గుడ్డు ఆరోగ్యానికి మేలన్న ప్రచారంతో ఎవరైనా ఎక్కువ ధర చెబితే, ఆ ఎక్కువ సొమ్ము కంటి సరదాకు చెల్లిస్తున్నదని తెలుసుకుని చెల్లించడం మంచిది.

రంగు ఎవరిది?

రంగు గుడ్ల విషయంలో తరచుగా జరిగే పొరపాటు పుంజు దగ్గర మొదలవుతుంది. నీలి వంశపు పుంజును తెచ్చి నాటు పెట్టలతో వదిలిన పది రోజులకు, గుడ్లు ఇంకా పాత రంగులోనే ఉన్నాయని, అమ్మినవాడు మోసం చేశాడని అనుకునేవారు ఉన్నారు. పెంకు తల్లి శరీరంలో తల్లి జన్యువుల ప్రకారం తయారవుతుంది. పుంజుకు దానితో ప్రమేయం లేదు. ఆ పుంజు ప్రభావం కనబడేది దాని కూతుళ్లు పెద్దవై గుడ్లు పెట్టినప్పుడే. గుడ్డు పొదగడానికి 21 రోజులు, ఆ పిల్ల పెట్టై గుడ్డుకు రావడానికి నాటు కోళ్లలో సాధారణంగా ఆరేడు నెలలు. కనుక ఈ పనిలో ఒక తరం అంటే దాదాపు ఏడాదికి దగ్గర.

ఇక సంక్రమణ. నీలం ఒక్క జన్యువు మీద ఆధారపడి ఉంటుంది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో మపూచే ప్రజలు పెంచే కోళ్లు నీలి గుడ్లు పెడతాయన్న సంగతి ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో యూరప్ పెంపకందారుల దృష్టికి వచ్చింది. 1933లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త రెజినాల్డ్ పున్నెట్, ఆ నీలం ఒకే బహిర్గత జన్యువు వల్ల వస్తుందని చూపించారు. మన ఇంటర్మీడియట్ జీవశాస్త్ర పాఠాల్లో గళ్లు గీసి సంకరణాలు లెక్కగట్టే పట్టిక ఆయన పేరు మీదిదే. బహిర్గతం అంటే తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు, గుడ్డుకు నీలం వస్తుంది. ఇద్దరి నుంచీ వస్తే రంగు కొంత చిక్కబడుతుంది.

ఆ జన్యువు ఎలా పుట్టిందన్నది 2013లో తేలింది. ఎప్పుడో ఒకప్పుడు ఒక వైరస్ జన్యుపదార్థం కోడి మొదటి క్రోమోజోములో, ఎస్‌ఎల్‌సీఓ1బీ3 అనే జన్యువుకు దగ్గరగా వచ్చి ఇరుక్కుపోయింది. మామూలుగా కాలేయంలో పనిచేసే ఆ జన్యువు, ఈ చొరబాటు వల్ల పెంకు గ్రంథిలో కూడా మేల్కొని బిలివెర్డిన్ పెంకులోకి చేరే దారి తెరిచింది. విశేషమేమిటంటే చిలీ కోళ్లలోనూ, చైనాలోని డాంగ్‌షియాంగ్ కోళ్లలోనూ ఇదే చొరబాటు విడివిడిగా, క్రోమోజోము మీద కొద్దిపాటి తేడా ఉన్న చోట్ల జరిగింది. అంటే ఒక వంశం నుంచి మరొక వంశం నేర్చినది కాదు, ఒకే ప్రమాదం రెండు ఖండాల్లో రెండుసార్లు జరిగింది.

గోధుమ రంగు తీరు వేరు. దాని వెనక ఒక్కొక్కటీ కొంచెం కొంచెం ప్రభావం చూపే జన్యువులు అనేకం ఉన్నాయి. అందువల్ల ముదురు గోధుమ వంశాన్ని తెల్ల గుడ్ల లెగ్‌హార్న్‌తో కలిపితే పిల్లలు మధ్యస్థంగా లేత గోధుమలో పెడతాయి, ఆ పిల్లలను వాటిలో వాటినే కలిపితే తెలుపుకు దగ్గర నుంచి ముదురు వరకు అన్ని ఛాయలూ వస్తాయి. నీలానికి ఉందా లేదా అన్న లెక్క, గోధుమకు ఎంత అన్న లెక్క. ఈ రెండు లెక్కలను ఒకటిగా చూడడం వల్లనే పచ్చ గుడ్ల పెంపకం గందరగోళంగా తోస్తుంది.

నీలి గుడ్డు కావాలంటే గోధుమ పూత లేని వంశంతో, అంటే తెల్ల గుడ్ల పెట్టలతో కలపాలి. పచ్చ కావాలంటే గోధుమ గుడ్ల పెట్టలతో కలపాలి. విదేశీ చిత్రాల్లో కనిపించే ముదురు ఆలివ్ రంగు గుడ్లు మారన్స్ వంటి చాక్లెట్ రంగు గుడ్ల జాతులతో కలిపినందువల్ల వచ్చినవి. మన దగ్గర సులువుగా దొరికే గోధుమ గుడ్ల పెట్టలు, హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన గ్రామప్రియ, వనరాజా వంటివి. వాటి గోధుమ రంగు మారన్స్ అంత చిక్కనిది కాదు కనుక వాటితో వచ్చేది లేత పచ్చే. ఇది ముందే ఒప్పుకుని మొదలుపెడితే నిరాశ ఉండదు. కడక్‌నాథ్ మాంసం నలుపు కనుక గుడ్డు కూడా నల్లగా ఉంటుందని ఆశించేవారికి ఒక మాట. దాని గుడ్డు మీగడ రంగుకూ లేత గోధుమకూ మధ్య ఉంటుంది, పెంకు రంగు పనికి అది కొత్తగా చేర్చేదేమీ లేదు.

ఈక రంగు కూడా ఇక్కడ సాయపడదు. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, అబ్రాసు అంటూ పుంజు ఈకల్లోని ప్రతి ఛాయకూ పేరు పెట్టి, ఏ రోజున ఏది గెలుస్తుందో కుక్కుటశాస్త్రం చెప్పుకునే నేల ఇది. కనుక ఈకను చూసి గుడ్డును ఊహించాలన్న కోరిక సహజమే. ఆ రెండింటి జన్యువులు వేరు. చెవి తమ్మె తెల్లగా ఉంటే తెల్ల గుడ్డు, ఎర్రగా ఉంటే గోధుమ గుడ్డు అనే సూత్రం కూడా లెగ్‌హార్న్ వంటి కొన్ని స్వచ్ఛమైన జాతుల్లో కనిపించే పొందిక మాత్రమే. నాలుగు జాతులు కలిసిన పెరటి కోడిలో దానికి విలువ లేదు.

జుట్టు చెప్పే సాక్ష్యం

ఇప్పుడు అసలు చిక్కు. కోడి తలమీది ఎర్రని కండను మనం జుట్టు అంటాం. లెగ్‌హార్న్‌లోనూ చాలా నాటు కోళ్లలోనూ అది రంపపు పళ్లలా నిలువుగా ఒకే వరుసలో లేచి ఉంటుంది. మరికొన్నిటిలో పొట్టిగా, తలకు అంటుకుని, మూడు చిన్న వరుసల బొడిపెలతో ఉంటుంది. దీన్నే బఠాణీ జుట్టు అంటారు. ఒంటి జుట్టు మీద ఇది బహిర్గతం. దీని జన్యువు కూడా మొదటి క్రోమోజోము మీదనే, నీలి గుడ్డు జన్యువుకు చాలా దగ్గరగా ఉంది. ఒకే క్రోమోజోము మీద పక్కపక్కన ఉన్న జన్యువులు సాధారణంగా కలిసే తరువాతి తరానికి వెళతాయి. దీన్నే సహలగ్నత అంటారు. ఈ రెండూ విడిపోయే సందర్భాలు నూటికి కొన్నే.

అమెరికాలో పెంచే అమెరకానా, అరౌకానా జాతుల్లో నీలి జన్యువు బఠాణీ జుట్టుతో జతకట్టి ఉంది. అక్కడ వాటిని కలిపే మామూలు జాతులు చాలావరకు ఒంటి జుట్టువి. అందుకే మిశ్రమ సంతానంలో బఠాణీ జుట్టు ఉన్న పిల్ల కనిపిస్తే, ఆ జుట్టుతో పాటు నీలమూ వచ్చిందని చెప్పవచ్చు. గుడ్డు పెట్టేదాకా ఆగకుండా, పిల్లగా ఉన్నప్పుడే ఏరుకోవచ్చు. గుడ్డే పెట్టని పుంజు విషయంలో అయితే ఇంతకు మించిన చవక సాక్ష్యం లేదు.

బఠాణీ జుట్టు ఉన్న అలాంటి నీలి వంశపు పుంజును మన అసీల్ పెట్టతో కలిపితే ఏమవుతుందో చూడండి. అసీల్‌కు బఠాణీ జుట్టు సహజం, దానిలో నీలి జన్యువు లేదు. మొదటి తరం పిల్లలన్నిటికీ తండ్రి నుంచి నీలంతో కూడిన బఠాణీ జుట్టు, తల్లి నుంచి నీలం లేని బఠాణీ జుట్టు వస్తాయి. తండ్రి స్వచ్ఛమైనదైతే ఈ తరంలో పెట్టలన్నీ రంగు గుడ్లే పెడతాయి, పెంపకందారుడు సంతోషిస్తాడు. వాటిని తిరిగి అసీల్‌తో కలిపితే రెండవ తరంలో సగానికి నీలం ఉండదు, తలమీద మాత్రం అన్నిటికీ బఠాణీ జుట్టే ఉంటుంది. ఇక్కడ జుట్టు చూసి ఏరడం వల్ల ఏమీ తేలదు. సంక్రాంతి పందేల పుణ్యమా అని మన ప్రాంతంలో అసీల్ రక్తం కలవని నాటు కోళ్ల గుంపు అరుదు కనుక, తన పెట్టలు అసీల్ కావని అనుకునేవారు కూడా ఒకసారి వాటి తలలు పరిశీలించి చూడాలి.

మూడవ పరిస్థితి మరింత ఆసక్తికరం. చిలీ నుంచి వచ్చిన నీలి గుడ్ల కోళ్ల వారసత్వాన్ని కలిపి పున్నెట్, మైకేల్ పీజ్ కేంబ్రిడ్జ్‌లో తీర్చిన క్రీమ్ లెగ్‌బార్ అనే జాతి ఉంది. దీని గుడ్డు నీలం, జుట్టు మాత్రం ఒంటి జుట్టు. అంటే ఈ వంశంలో నీలి జన్యువు బఠాణీని వదిలి ఒంటి జుట్టుతో జతకట్టింది. ఇలాంటి పుంజును అసీల్ పెట్టతో కలిపితే మొదటి తరం పిల్లలన్నీ బఠాణీ జుట్టుతో పుడతాయి, పెట్టలు రంగు గుడ్లు పెడతాయి. కాని వాటి లోపల నీలం ఒంటి జుట్టు వైపు, నీలం లేకపోవడం బఠాణీ వైపు ఉంటాయి. ఈ తరం పుంజును లెగ్‌హార్న్ వంటి ఒంటి జుట్టు పెట్టతో కలిపి, విదేశీ సలహా ప్రకారం బఠాణీ జుట్టు పిల్లలను ఉంచుకుంటే, నీలం లేని పిల్లలను ఉంచుకుని నీలం ఉన్నవాటిని తీసివేసినట్టే.

అదే మొదటి తరాన్ని అన్నాచెల్లెళ్లుగానో, మరో జత నుంచి వచ్చిన అలాంటి పిల్లలతోనో వాటిలో వాటిని కలిపితే ఒక గొప్ప సౌకర్యం ఏర్పడుతుంది. ఒంటి జుట్టు అంతర్గత లక్షణం కనుక, ఒంటి జుట్టుతో పుట్టిన పిల్లకు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు ఒంటి జుట్టు జన్యువులూ వచ్చి ఉండాలి. వాటితో పాటే రెండు నీలి జన్యువులూ వచ్చి ఉంటాయి. అంటే ఆ పిల్ల నీలానికి స్వచ్ఛమైనది అయ్యే అవకాశం నూటికి తొంభై ప్రాంతంలో ఉంటుంది. నలభై పిల్లలు పుడితే అందులో సుమారు పది ఒంటి జుట్టువి, వాటిలో అయిదు పుంజులు. ఆ పుంజుల్లో ఒకదాన్ని ఏ పెట్టతో కలిపినా కూతుళ్లన్నీ రంగు గుడ్లే పెట్టాలి. చిక్కుగా కనిపించిన అసీల్ జుట్టే ఇక్కడ స్వచ్ఛమైన పుంజును పట్టి ఇస్తోంది. నా దృష్టిలో మన ప్రాంతపు పెంపకందారుడికి ఉన్న అసలైన వెసులుబాటు ఇదే, దీన్ని వాడుకోకుండా విదేశీ సూత్రాన్ని వల్లించడంలో అర్థం లేదు.

కనుక జుట్టు సాక్ష్యమే, కాని అది ఏ వైపు సాక్ష్యం చెబుతుందో తల్లిదండ్రుల జుట్టు, గుడ్డు రెండూ తెలిసినప్పుడే చెప్పగలం. పిల్లలు కొనేటప్పుడు జాతి పేరు అడగడం కన్నా, తల్లి ఏ రంగు గుడ్డు పెట్టింది, దాని జుట్టు ఎలాంటిది, తండ్రి జుట్టు ఎలాంటిది అని అడగడం ఎక్కువ ఉపయోగం. జాతి పేరు చెప్పడం తేలిక. బతికున్న కోళ్లను విదేశాల నుంచి తేవడం 1898 నాటి పశు దిగుమతి చట్టం కింద అనుమతులతో ముడిపడిన వ్యవహారం కనుక, చవకగా చేతులు మారే పిల్లల్లో ఎక్కువ భాగం ఇక్కడే పలుమార్లు కలిసిన మిశ్రమాలని అనుకోవడం క్షేమం. అరౌకానా పేరుతో చెవుల పక్కన ఈక కుచ్చులున్న కోళ్లు దొరికితే ఇంకొక జాగ్రత్త అవసరం. ఆ కుచ్చుల జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చిన పిల్ల గుడ్డులోనే చనిపోతుంది. కుచ్చులున్న రెండింటిని జత చేస్తే నాలుగింట ఒక గుడ్డు నష్టం.

పెరట్లో చేయవలసినవి

గుడ్లు ఎక్కువ కావాలా, స్వచ్ఛమైన వంశం కావాలా అన్నది ముందే తేల్చుకోవాలి. అసీల్ పెట్ట ఏడాదికి కొన్ని డజన్ల గుడ్లకు మించి పెట్టదు, కాస్త పెట్టగానే పొదుగుకు కూర్చుంటుంది. దాని రక్తం ఎంత కలిస్తే గుడ్ల సంఖ్య అంత తగ్గుతుంది. పెరటి పెంపకంలో గ్రామప్రియ ఏడాదికి సుమారు 160 నుంచి 180 గుడ్లు పెడుతుందని అంచనా. ఇంటి అవసరానికి పచ్చ గుడ్లు కావాలనుకునేవారు ఒంటి జుట్టు ఉన్న గ్రామప్రియ పెట్టలను ఎంచుకుని, బఠాణీ జుట్టు ఉన్న నీలి వంశపు పుంజుతో కలపడం మేలు. ఇక్కడ విదేశీ సూత్రం చక్కగా పనిచేస్తుంది. అయితే గ్రామప్రియ స్వయంగా సంకర కోడి కనుక దాని గుణాలు తరతరానికీ చెదిరిపోతాయి, గోధుమ వైపు పెట్టలను ఎప్పటికప్పుడు కొత్తగా తెచ్చుకోవలసి ఉంటుంది. అసీల్‌ను పొదుగుకు మాత్రం తప్పక ఉంచుకోవాలి. పిల్లలను కాకి, పిల్లి బారి నుంచి కాపాడడంలో దానిని మించిన తల్లి లేదు.

జతలు కట్టేటప్పుడు చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. పెట్ట ఒకసారి పుంజుతో కలిస్తే వీర్యం దాని అండవాహికలోని సన్నని నాళికల్లో నిలవ ఉండి, రెండు మూడు వారాల వరకు గుడ్లను ఫలదీకరిస్తూ ఉంటుంది. పక్క వీధి పుంజు గోడ దూకి వచ్చే పెరళ్లలో పెట్టలను కోరిన పుంజుతో ఇవాళ కలిపి రేపటి నుంచి గుడ్లు దాచడం వృథా. పాత పుంజు నుంచి పూర్తిగా వేరుచేసి, మూడు వారాలు గడిచిన తరువాత పెట్టిన గుడ్లనే పొదగవేయాలి. గంప కింద కమ్మినంత మాత్రాన సరిపోదు, జాలీ గది ఉండాలి. కాళ్లకు రంగు రింగులు వేసి, ఏ పెట్ట ఏ గుడ్డు పెట్టిందో పెన్సిలుతో గుడ్డు మీదే రాసుకోవాలి.

విజయవాడ వేసవి ఈ పనికి ప్రతికూలం. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరికి పోయే ఊళ్లో, పొదగడానికి దాచిన గుడ్డు గదిలోనే సగం పొదిగిపోతుంది. సుమారు 20 నుంచి 24 డిగ్రీలు దాటితే పిండం నెమ్మదిగా ఎదగడం మొదలుపెడుతుంది, ఆ ఎదుగుదల నిలకడగా సాగక చనిపోతుంది. గుడ్లు దాచడానికి 15 నుంచి 18 డిగ్రీలు అనుకూలం కనుక కార్తీకం నుంచి మాఘం వరకు పిల్లలు లేపడం తెలివైన పని. వేసవిలో కోడి వగరుస్తూ రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా పోగొట్టుకుంటుంది, దానితో పెంకుకు కావలసిన కార్బొనేట్ తగ్గి పెంకు పలుచబడుతుంది. ఆల్చిప్పల పొడి అందుబాటులో ఉంచడం, సాయంత్రం చల్లబడ్డాక మేత వేయడం కొంత ఆదుకుంటాయి.

రంగును అంచనా వేయడానికి కూడా వేసవి గుడ్లు పనికిరావు. గోధుమ పూత చివరి గంటల్లో పడేది కనుక బెదురు, ఎండ, జబ్బు, వయసు అన్నీ దాన్ని వెలవెలబోయేలా చేస్తాయి. కొత్త పెట్ట తొలి గుడ్లలో రంగు చిక్కగా ఉండి, ఆ ఏడాది పొడవునా పలుచబడుతూ పోతుంది. నీలం కూడా కొంత తగ్గుతుంది, గోధుమ అంతగా మాత్రం కాదు. కొక్కెర తెగులు తగిలి బతికిన పెట్టల్లో పెంకు రంగు, ఆకారం రెండూ చెడిపోవచ్చు, అందుకే టీకాలు వేయించని గుంపులో రంగు ఎంపిక గురించి మాట్లాడడం తొందరపాటు. బ్రాయిలర్ దాణాలో రక్త పారుడు రాకుండా కలిపే నికార్బజిన్ అనే మందు గుడ్లు పెట్టే కోడి తింటే గోధుమ గుడ్డు కొద్ది రోజుల్లోనే తెల్లబడిపోతుంది, ఆ మేత మానేస్తే రంగు తిరిగి వస్తుంది. చవకగా దొరికిందని బ్రాయిలర్ దాణా వేసి, పెట్ట జాతి చెడిందని వదిలించుకున్నవారు ఉంటే ఆశ్చర్యం లేదు. ఏ పెట్టను ఉంచాలో తేల్చుకోవడానికి అది గుడ్డుకు వచ్చిన తొలి నెలల్లో, చల్లని కాలంలో పెట్టిన గుడ్లను పక్కపక్కన పెట్టి చూడాలి.

జుట్టు ఏమీ చెప్పలేని గుంపులో, అంటే అందరికీ బఠాణీ జుట్టే ఉన్నచోట, పుంజును కూతుళ్ల ద్వారానే పరీక్షించాలి. నీలం లేదని తెలిసిన పెట్టలతో దాన్ని కలిపి, పుట్టిన కూతుళ్లు గుడ్డుకు వచ్చేదాకా ఆగాలి. వాటిలో ఒక్కటి తెల్లదో, గోధుమదో పెట్టినా, ఆ పుంజు నీలానికి స్వచ్ఛమైనది కాదని తేలిపోతుంది. ఒకటి రెండు కూతుళ్లు నీలం పెట్టినంత మాత్రాన పుంజు స్వచ్ఛమైనదని అనుకోకూడదు. ఒక వైపు మాత్రమే నీలం ఉన్న పుంజుకు వరసగా అయిదుగురు కూతుళ్లూ రంగు గుడ్లు పెట్టే అవకాశం ముప్పై రెండింట ఒకటి. కనుక అయిదింటికి అయిదూ రంగు గుడ్లు పెడితే నమ్మవచ్చు, ఏడెనిమిది పెడితే ఇంకా గట్టిగా నమ్మవచ్చు. కొన్ని దేశాల్లో ఈక పంపితే నీలి జన్యువు ఉందో లేదో చెప్పే ప్రయోగశాలలు ఉన్నాయి. కూతుళ్ల పరీక్షకు మాత్రం ఏడాది ఓపిక, వాటికి పెట్టే నూకలు, తవుడు చాలు. ఆ ఏడాదంతా పుంజును అమ్మకుండా, కోయకుండా ఉంచుకోవాలి. ఫలితం తెలిసేనాటికి అది లేకపోతే పరీక్ష వల్ల ఉపయోగం లేదు.